'చేశాను', 'చేశారు': సిగ్గుతో వచ్చిన ఒక చెల్లితో ఐదు నెలలు

ఈ కేసు బయటికి రాయడానికి ఆ చెల్లి ఒప్పుకుంది. రాసిందంతా ముందు తనే చదివి రెండు చోట్ల దిద్దింది కూడా. తనని గుర్తుపట్టే వివరాలు మార్చాను. మారుపేరు ఏదైనా పెట్టనా అని అడిగితే, "వద్దక్కా, చెల్లి అని రాయండి చాలు" అంది. అందుకే ఇందులో పేర్లు లేవు.

2023 నవంబరు రెండో వారంలో వాళ్ళ పిన్ని తీసుకొచ్చింది. మాది ప్రకాశం జిల్లా. మా సంఘం ప్రార్థన మందిరం పక్కన ఒక చిన్న గది ఉంది. క్రిస్మస్ స్టార్లు, చాపలు, పాత స్పీకర్లు అందులోనే పెడతారు. వారంలో రెండు రోజులు నేను కౌన్సెలింగుకి కూర్చునేదీ అక్కడే. ఆమె లోపలికొచ్చి కుర్చీ వదిలేసి, చుట్టిపెట్టిన చాపల మీద కూర్చుంది. ముసుగు వేసుకుని ఉంది. ప్రార్థనకి మన ఆడవాళ్ళు వేసుకునే ముసుగు నుదురు కనిపించేలా ఉంటుంది. ఈమెది కనుబొమలు దాటి కిందికి దిగింది. మాట్లాడేటప్పుడు కొంగు అంచు పళ్ళ మధ్య పట్టుకునేది. ఆ అంచు తడిసి, జరీ దారం ఒకటి ఊడి వేలాడుతోంది.

వయసు ముప్పై రెండు. ఇంట్లో కుట్టుపని చేస్తుంది. ఇద్దరు పిల్లలు. సండే స్కూల్ టీచరు, స్త్రీల సమాజానికి ట్రెజరర్. నెల రోజులుగా మందిరానికి రావడం లేదు. రాత్రి రెండింటికో మూడింటికో నిద్ర పడుతోంది, ఒక పూటే తింటోంది. పిల్లల్ని బడికి కూడా పిన్నే దింపుతోంది. "మొహం చెల్లడం లేదక్కా" అన్నది ఆ రోజు తను నాతో అన్న మొదటి మాట, దాదాపు చివరి మాట కూడా.

ఇలాంటి మాట విన్నప్పుడు నేను ముందు అడిగేది ఒకటే, చుట్టూ తిప్పకుండా అడుగుతాను: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అవునని తల ఊపింది. ఎప్పుడు, ఎలా అని ఆలోచించిందా అని కూడా అడిగాను. ఆలోచించింది. ఆ సాయంత్రమే పిన్ని ఇంట్లో ప్రమాదమనుకున్నవన్నీ తీసేసింది, రాత్రిళ్ళు తన దగ్గరే పడుకోబెట్టుకుంది. మూడో రోజు ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ డాక్టరుకి చూపించాం, మందులు మొదలయ్యాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఆమె ఫోనులోనూ పిన్ని ఫోనులోనూ వేశాం. ప్రార్థన చేస్తే సరిపోయేదానికి డాక్టరెందుకని అడిగేవాళ్ళు మా సంఘాల్లో ఇంకా ఉన్నారు కాబట్టి ఇది వివరంగా చెబుతున్నాను. మందులు వేసుకున్న మూడో వారానికి ఆమెకి నిద్ర పట్టింది. నిద్ర పట్టాకే నేను చెప్పేది వినగలిగింది.

జరిగింది ఇదీ. భర్త చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ షెడ్డులో పనిచేస్తాడు. ఆగస్టులో పలక జారి కుడిచేతి వేళ్ళు రెండు నలిగాయి. ఆసుపత్రికి డబ్బు అందక ఈమె వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి లోన్ యాప్ వేసుకుంది. ఆరు వేలు అడిగితే చేతికి వచ్చింది 3,900. ఏడు రోజుల్లో ఆరు వేలూ కట్టాలి. కట్టలేక రెండో యాపు, దాన్ని తీర్చడానికి మూడోది. అక్టోబరులో ఒక వాయిదా రెండు రోజులు దాటింది. పెళ్ళిరోజున తీసుకున్న ఫొటోలోంచి ఆమె మొహం కత్తిరించి, బట్టలు లేని ఎవరి ఒంటికో అతికించి, ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ పంపారు. మా పాస్టరు అయ్యగారికి వెళ్ళింది. సండే స్కూల్ పిల్లల తల్లులకి వెళ్ళింది. భర్త పనిచేసే షెడ్డులో మేస్త్రీకి వెళ్ళి, అక్కణ్ణుంచి వాళ్ళ గ్రూపులోకి పోయింది.

ఇక్కడ నా తప్పు రాయాలి. ఈ ఫొటో సంగతి నాకు మొదటి రోజు పిన్ని చెప్పింది. నేను వెంటనే బైబిలు తీసి రోమా పత్రిక 8వ అధ్యాయం మొదటి వచనం చదివాను: "క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు." దేవుడు క్షమించాడమ్మా, ఇంక మర్చిపో అని చెప్పి ప్రార్థన చేశాను. ఆమె ఆమెన్ అంది. ఇంటికెళ్ళి రెండు రోజులు ఏమీ తినలేదని పిన్ని ఫోను చేసి చెప్పింది.

ఎందుకో నాకు రెండు వారాల తర్వాత అర్థమైంది. ఎవరో దుర్మార్గులు ఆమె మొహం దొంగిలించి బజారులో పెట్టారు. నేను ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని "నిన్ను క్షమించాడు" అన్నాను. అంటే ఆ ఫొటో ఆమె పాపమని, దానికి క్షమాపణ కావాలని, సంఘం తరఫున నేనే తీర్పు చెప్పినట్టయింది. వచనంలో లోపం లేదు. ఒక గాయానికి రాయాల్సిన మందు ఇంకో గాయానికి రాశాను.

మూడో కలయికలో అసలు మూట విప్పింది. బైబిలు సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టింది. స్త్రీల సమాజం లెక్కల పుస్తకం. మా దగ్గర పిడికెడు బియ్యం ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు, ఆదివారం తెచ్చి మందిరంలో పోస్తారు. వాటిని వేలం పాడగా వచ్చిన డబ్బే సమాజం నిధి. కూలికెళ్ళే వాళ్ళ పిడికిళ్ళు అవి. ఆ పుస్తకంలో ఆమె అక్షరం ముత్యాల్లా ఉంటుంది, తేదీలు ఎర్ర సిరా, మొత్తాలు నీలం. అక్టోబరు పేజీలో "చేతి నిల్వ" అని రాసిన చోట 18,400 అంకె ఉంది. ఆ డబ్బు చేతిలో లేదు. ఐదు వేలు, ఆరు వేల నాలుగొందలు, ఏడు వేలు, మూడు దఫాలుగా యాపులకి కట్టేసింది. ఆ అంకె మిగతా అంకెల కంటే కొంచెం పెద్దగా, గట్టిగా నొక్కి రాసి ఉంది. వెనక పేజీ మీద వేలితో తడిమితే తెలుస్తోంది.

అంటే ఆమె మోస్తున్నవి రెండు. ఒకటి తను చేసింది. రెండోది వేరేవాళ్ళు తనకి చేసింది. ఆమె లోపల రెండూ కలిసి ఒకే ముద్దయ్యాయి. "సమాజం డబ్బు తిన్నాను కాబట్టే దేవుడు నా బట్టలు ఊడదీసి నలుగురిలో నిలబెట్టాడు" అని నమ్ముతోంది. ఈ మాట ఆమె నోట విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

కాగితం మధ్యలో గీత గీసి, ఒక వైపు "నేను చేసినవి", ఇంకో వైపు "నాకు చేసినవి" అని రాయమన్నాను. అన్నీ మొదటి వైపే రాసింది. యాపు వేసుకున్నాను. డబ్బు తీశాను. తప్పు లెక్క రాశాను. ఇంటి పరువు తీశాను. నా ఫొటో అందరికీ పోయేలా చేశాను. మనకి తెలుగులో ఒక సౌకర్యం ఉంది, క్రియ చివర చూస్తే ఎవరు చేశారో తెలిసిపోతుంది. ఒక్కో వాక్యం చివర వేలు పెట్టి అడిగాను. "డబ్బు తీసిందెవరు?" "నేనే." "అయితే 'తీశాను' ఉంచు. ఆ ఫొటో తయారు చేసిందెవరు?" చాలాసేపు మాట్లాడలేదు. "వాళ్ళు." "అయితే ఎలా రాయాలి?" పెన్ను తీసుకుని 'చేశాను' కొట్టేసి, రెండో వైపు "చేశారు" అని రాసింది. ఆ ఒక్క మాట అటు నుంచి ఇటు జరగడానికి గంటన్నర పట్టింది. మళ్ళీ వారం వచ్చేసరికి మనసులో వెనక్కి పోయింది, మళ్ళీ జరిపాం.

చట్టం సంగతి కూడా ఇక్కడే పనికొచ్చింది. ఇలాంటి యాపుల జోలికి పోవద్దని 2020 డిసెంబరులోనే రిజర్వ్ బ్యాంకు హెచ్చరించింది. 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, అప్పిచ్చే యాపులు ఫోనులోని కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాలు ముట్టుకోకూడదని స్పష్టంగా చెప్పింది. 2023 మే 31 నుంచి గూగుల్ ప్లే కూడా లోన్ యాపులకి ఫొటోలు, కాంటాక్టులు అందనివ్వకూడదని నియమం పెట్టింది. ఈమె యాపు ప్లే స్టోరులోంచి వచ్చింది కాదు, లింకులో వచ్చింది. ఇదంతా చెబితే ఆమె ముసుగులోంచే అడిగింది: "అయితే వాళ్ళు చేసింది నేరమా?" అంతవరకూ తనే నేరస్తురాలు అనుకుంటోంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేశాం, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం, స్టేషనుకీ వెళ్ళాం. ఎవరూ దొరకలేదు. కానీ ఫిర్యాదు కాగితంలో ఆమె పేరు బాధితురాలు అన్న చోట ఉంది, దాని జిరాక్సు తీయించి బైబిల్లో పెట్టుకుంది.

తర్వాత లూకా సువార్త దగ్గరికి వచ్చాం. అక్కడ 7వ అధ్యాయంలో ఒక స్త్రీ, 8వ అధ్యాయంలో ఒక స్త్రీ ఉన్నారు. మొదటామె పాపాత్మురాలని ఊరంతా ఎరుగును. యేసు పాదాలు కన్నీళ్ళతో తడిపింది. ఆయన ఆమెతో "నీ పాపములు క్షమింపబడియున్నవి" అన్నాడు. రెండో ఆమెకి పన్నెండేళ్ళుగా రక్తస్రావం. మోషే ధర్మశాస్త్రం లెక్కన ఆమెని ముట్టుకుంటే మైల. గుంపులో దాక్కుని వెనక నుంచి ఆయన వస్త్రపు చెంగు ముట్టింది. ఆయన ఆమెతో క్షమాపణ మాట అననే లేదు. "కుమారీ" అన్నాడు. చేయని పాపానికి క్షమాపణ ఇవ్వడు ఆయన. ఇద్దరినీ పంపేటప్పుడు అన్న మాట గ్రీకులో ఒకటే వాక్యం. మన తెలుగు బైబిల్లో ఒకచోట "నీ విశ్వాసము నిన్ను రక్షించెను" అనీ, ఇంకోచోట "స్వస్థపరచెను" అనీ వచ్చింది. ఒకే కృప ఒకరికి క్షమాపణగా అందింది, ఇంకొకరికి కూతురనే పిలుపుగా అందింది. "నువ్వు ఈ ఇద్దరూనమ్మా" అన్నాను. "డబ్బు విషయంలో మొదటామెవి. ఫొటో విషయంలో రెండో ఆమెవి."

ఆమె ఒప్పుకోలేదు. "అయితే అక్కా, ఆ రెండో ఆమెని ఆయన అందరి ముందూ ఎందుకు నిలబెట్టాడు? నన్ను ముట్టింది ఎవరని అడిగి మరీ బయటికి రప్పించాడు కదా. దాక్కుని బాగైపోయి దాక్కునే వెళ్ళిపోయేది." నేను అప్పటికి పదేళ్ళుగా ఆ భాగం చెబుతున్నాను, ఆ ప్రశ్న నన్నెవరూ అలా అడగలేదు. ఆ రోజు జవాబు చెప్పలేదు. వచ్చే వారం ఇద్దరం ఆలోచించుకుని వద్దామన్నాను. జవాబు తనే తెచ్చింది. "ఆమెని మైల అని అందరి ముందే అన్నారు. కూతురని చెవిలో చెబితే ఊరికి ఎట్లా తెలుస్తది?"

ఇంకొకటి కూడా జరిగింది, అది నేను అనుకుని చేసింది కాదు. జనవరిలో ఒక రోజు సిలువ గురించి చదువుతున్నాం. సైనికులు ఆయన వస్త్రాలు పంచుకుని, అంగీ కోసం చీట్లు వేసుకున్నారని యోహాను 19వ అధ్యాయంలో ఉంది. మన బొమ్మల్లో నడుముకి గుడ్డ చుట్టి చూపిస్తాం. రోమీయులు సిలువ వేసేటప్పుడు మామూలుగా ఒంటి మీద నూలుపోగు కూడా ఉంచేవాళ్ళు కాదు, చూసేవాళ్ళకి నవ్వులాటగా ఉండాలనే అలా చేసేవాళ్ళు. అది చెప్పాను. ఆమె కొంగు పళ్ళ మధ్య నుంచి జారింది. "ఆయన్ని కూడా అట్లా చూశారా?" అంది. "చూశారు. తల్లి కూడా అక్కడే ఉంది." హెబ్రీ పత్రికలో "అవమానమును నిర్లక్ష్యపెట్టి, సిలువను సహించి" అనే మాట ఉంది. చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చిన మాట. ఆ రోజు ఆమె దాన్ని మూడుసార్లు మెల్లగా చదువుకుంది. చాలాసేపు ఏడ్చింది. నేను ఏమీ చెప్పలేదు, ప్రార్థన కూడా చేయలేదు. తన అవమానం తెలిసిన దేవుడు, ఆ అవమానంలో నిలబడిన దేవుడు తన పక్కనే ఉండగా నా మాట అక్కర్లేదు అనిపించింది.

ముసుగు గురించి ఒక మాట. తీయమని నేను ఎప్పుడూ అనలేదు. ఏదెనులో ఆదాము, హవ్వ ఆకులు చుట్టుకుని దాక్కుంటే దేవుడు ఆ ఆకులు పీకెయ్యలేదు, చర్మపు చొక్కాయిలు చేయించి తొడిగించాడు. కప్పుకున్నది లాగేసి కాదు ఆయన సిగ్గు తీర్చింది.

మన మాటల్లోనూ ఒక చిక్కు ఉంది. ఆడపిల్లకి సిగ్గు ఉండాలంటాం, సిగ్గు లేదా అని తిడతాం. సంఘంలో 'తగ్గింపు జీవితం' అని వినయం నేర్పుతాం. ఈ చెల్లి తల దించుకుని మూల కూర్చోవడాన్ని తగ్గింపు అనుకుంది, తల ఎత్తితే గర్వమవుతుందని భయపడింది. తగ్గించుకున్న మనిషి ఇంకొకరి కోసం వంగుతాడు. సిగ్గుతో కుంగిన మనిషికి ఇంకొకరు కనిపించరు, తన మీద పడ్డ కళ్ళే కనిపిస్తాయి. ఆమె తన పిల్లల జడలు తను వేసి రెండు నెలలైందని గుర్తు చేశాను. అది తగ్గింపు కాదు కదా అంటే ఆలోచనలో పడింది.

డబ్బు విషయం దాచడానికి వీల్లేదు, ఆ సంగతి ఆమెకీ తెలుసు. ఎవరికి చెప్పాలన్నదే గొడవ. పెద్దల్లో ఇద్దరు, ఆదివారం సంఘం ముందు నిలబడి ఒప్పుకోవాలన్నారు. మా దగ్గర అలవాటు అదే. నేను వ్యతిరేకించాను. తప్పు ఎంతమందికి తగిలిందో ఒప్పుకోలు అంతమంది దగ్గరికి వెళ్ళాలి, అంతకు మించితే అది ఒప్పుకోలు కాదు, శిక్ష. పైగా ఆమె ప్రసంగ వేదిక దగ్గర నిలబడితే కూర్చున్న వాళ్ళలో సగం మంది ఆ ఫొటో చూసినవాళ్ళు, డబ్బు మాట వింటూ ఫొటో తలుచుకుంటారు. రెండు ముద్దలూ మళ్ళీ ఒకటవుతాయి. అయ్యగారు మా మాటలన్నీ విని, సమాజం కమిటీ ఐదుగురి ముందు చెబితే చాలన్నారు. ఆ మాటకి నేను ఆయనకి ఎప్పటికీ కృతజ్ఞురాలిని.

కమిటీ ప్రెసిడెంటు డెబ్బై దాటిన పెద్దమ్మ. చెల్లి పుస్తకం చేతికిచ్చి, నిలబడే, "ఈ నిల్వ అబద్ధం పెద్దమ్మా. పద్ధెనిమిది వేల నాలుగొందలు నేను వాడుకున్నాను" అంది. పెద్దమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని పేజీ మొత్తం చదివింది. ఒకామె లేచి పిడికెడు బియ్యం డబ్బు ముట్టడానికి చెయ్యెలా వచ్చిందని గట్టిగానే అడిగింది. ఆ కోపం న్యాయమైనదే, ఆమె మూడేళ్ళుగా కూలికెళ్తూ బియ్యం తెచ్చిన మనిషి. చెల్లి తల దించలేదు, "తప్పు చేశాను వదినా" అంది. తర్వాత పెద్దమ్మ అన్నది నేను అప్పుడే రాసి పెట్టుకున్నాను: "డబ్బు ఇక నుంచి నా దగ్గర ఉంటది. పుస్తకం మాత్రం నువ్వే రాయి. నీ అక్షరం బాగుంటది." రెండు సంతకాలు లేకుండా పైసా కదలకూడదని అందరూ ఒప్పుకున్నారు. క్షమించడమంటే తాళం చెవి వెంటనే చేతిలో పెట్టడమని కొందరు అనుకుంటారు. నాకు అది ఆమె మీద ప్రేమలా అనిపించదు.

సగం మాఫీ చేద్దామని ఒకరన్నారు. చెల్లే వద్దంది. సుంకం వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నది యేసు అతని ఇంటికి వెళ్ళాక కదా, నేనూ కడతాను అంది. నెలకి 800 చొప్పున 2024 జనవరి నుంచి మొదలుపెట్టింది.

ఆ రోజే పెద్దమ్మ ఫొటో సంగతి కూడా ఎత్తింది, అందరి ముందూ. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా ప్రాంతపు బాప్టిస్టు కుటుంబాల్లో పిల్లలకి కూడా తెలుసు. కరువులో బకింగ్‌హామ్ కాలువ పని పెట్టించి అన్నం పెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని ఆ కరువు పని సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అలా ఆగి ఆగి ఆ రోజు నీళ్ళలో దిగినవాళ్ళలో ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్ళు. "మా తాతల్ని ఊరు ఎన్ని తరాలు తల దించుకుని నడిపించిందో ఎరగవా?" అంది పెద్దమ్మ. "ఆ సిగ్గు వాళ్ళు చేసిన తప్పుకి వచ్చిందా? వేరేవాళ్ళు నెత్తిన పెట్టింది. దాన్ని ఆ ఏట్లో వదిలేసి వచ్చారు. నువ్వు మళ్ళీ ఎత్తుకుంటన్నావా?" నా కాగితం మీద గీత చేయలేని పని ఆ మాట చేసింది. మా సంఘానికి ఈ జ్ఞానం ముందు నుంచీ ఉంది. నేను పుస్తకాల్లో వెతుక్కున్నాను.

భర్తతో వ్యవహారం ఇంత బాగా సాగలేదు. ఫొటో వచ్చాక పదకొండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అది అతికించిన ఫొటో అని అతనికి తెలుసు, అయినా షెడ్డులో నవ్వినవాళ్ళ ముందు తన మొహం పోయిందన్నది అతని బాధ. రెండుసార్లు నాతో కూర్చున్నాడు. చెయ్యి బాగైంది, మళ్ళీ పనికి వెళ్తున్నాడు. ఆమె ఫోను మోగితే ఇప్పటికీ ఎవరని అడుగుతాడు. ఇది ఇంకా తెగలేదు.

మార్చి మొదటి ఆదివారం ఆమె బల్ల, అంటే ప్రభురాత్రి భోజనం, తీసుకుంది. మందిరానికి రావడం మానెయ్యక ముందు కూడా రొట్టె పళ్ళెం వచ్చినప్పుడల్లా పక్కకి అందించేసిందని నాకు అప్పటికి తెలుసు. ఆ రోజు పెద్దమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ముసుగు ఉంది, నుదురు కనిపిస్తోంది.

ఏప్రిల్లో వారం వారం కలవడం ఆపాం. డాక్టరు మందులు మెల్లగా తగ్గిస్తున్నాడు. జూన్‌లో ఒకసారి మళ్ళీ వచ్చింది. బస్టాండులో షెడ్డు మనిషి ఒకడు ఆమెని చూసి ఫోను ఎత్తి పక్కవాడికి చూపించాడట. ఇంటికెళ్ళి రాత్రంతా ఏడ్చింది. తెల్లారి పిల్లలకి జడలు వేసి, బడికి దింపి, అక్కణ్ణుంచి నా దగ్గరికి వచ్చింది. ఈసారి కుర్చీలో కూర్చుంది.

సెప్టెంబరులో సమాజం మీటింగుకి నన్ను పిలిచారు. లెక్కల పుస్తకం ఆమే చదివింది. కమిటీ ఎంత వద్దన్నా తన బాకీ తన పేరుతోనే వేరే వరుసలో రాసుకుంటోంది. తన పేరు చదివి, "కట్టింది 7,200, ఇంకా రావలసింది 11,200" అని చదివింది. గొంతు ఆ ఒక్క వరుస దగ్గర కొంచెం తగ్గింది. వేలు కింది వరుసకి జరిపి, "పిడికెడు బియ్యం, ఈ నెల నలభై రెండు కిలోలు" అని మామూలు గొంతుతో చదువుకుంటూ పోయింది.